పొదుపు పాఠంలో ఆడపిల్ల

హైస్కూలు పిల్లలకు డబ్బు గురించి పాఠం చెప్పాలన్న మాట ఈ మధ్య తరచుగా వినబడుతోంది. రిజర్వు బ్యాంకు 2007లోనే పిల్లల కోసం బొమ్మల కథల పుస్తకాలు తెచ్చింది. ఒకటి ‘రాజు అండ్ ద మనీ ట్రీ’, ఇంకొకటి ‘మనీ కుమార్’. రెండూ మగ పేర్లే. 2013లో ఆర్థిక విద్యకు ఒక జాతీయ వ్యూహం వచ్చింది. ఆ తర్వాత బడిపిల్లలకు జాతీయ స్థాయి ఆర్థిక అక్షరాస్యత పరీక్షలు, తరగతివారీ అభ్యాస పుస్తకాలు వచ్చాయి. బ్యాంకు ఖాతా ఎలా తెరవాలి, అవసరానికీ కోరికకూ తేడా ఏమిటి, బీమా ఎందుకు, బడ్జెట్ ఎలా వేసుకోవాలి అన్నవి అందులో పాఠాలు.

ఇందులో కాదనడానికేమీ లేదు. పదో తరగతి పాసైన పిల్లకి డబ్బు తీసే ఫారం నింపడం రాకపోతే అది చదువు లోపమే. అయితే పిల్లలకు డబ్బు పాఠం చెప్పడం 2007లోనో 2013లోనో మొదలైన పని కాదు. మన దగ్గర దానికి వందేళ్ళు దాటిన చరిత్ర ఉంది. ఆ చరిత్రలో ఆడపిల్లకు వేరే పాఠం ఉంది. సాహిత్య పరిశోధన కోసం పాత స్త్రీల పత్రికలు తిరగేస్తున్నప్పుడు ఆ పాఠం నాకు మళ్ళీ మళ్ళీ ఎదురవుతూ వచ్చింది. ఇప్పటి అభ్యాస పుస్తకాలు చూస్తుంటే అదే పాఠం కొత్త అట్ట వేసుకుని వచ్చినట్టు అనిపించింది. అందుకే ఈ వ్యాసం.

ఆడపిల్ల లెక్కలు నేర్చుకోకముందే లెక్కల్లోకి ఎక్కింది. ‘కన్యాశుల్కం’ మొదటి కూర్పు 1897లో అచ్చయినప్పుడు గురజాడ రాసిన ఇంగ్లీషు ముందుమాట మనలో చాలామంది చదివే ఉంటాం. విజయనగరం మహారాజా విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళ కాలంలో జరిగిన బ్రాహ్మణ వివాహాల జాబితా ఒకటి తయారు చేయించారు. అందులోకి ఎక్కినవి 1034. పెళ్ళికూతుళ్ళలో అయిదేళ్ళవాళ్ళు 99 మంది, నాలుగేళ్ళవాళ్ళు 44, మూడేళ్ళవాళ్ళు 36, రెండేళ్ళవాళ్ళు ఆరుగురు, ఏడాది పసికందులు ముగ్గురు. ఆ పసికందుల వెల ఒక్కొక్కరికి 350 నుంచి 400 రూపాయలు. ఆ జాబితా రాసిన గుమాస్తాకు కూడికలు బాగానే వచ్చి ఉంటాయి. తర్వాత డబ్బు ప్రవాహం దిశ మారింది. కన్యాశుల్కం పోయి వరకట్నం వచ్చింది. ఆడపిల్ల మాత్రం బేరంలో ఒక అంకెగానే ఉండిపోయింది.

1874లో రెండు సంగతులు జరిగాయి. ధవళేశ్వరంలో వీరేశలింగం ఆడపిల్లల బడి పెట్టారు. అదే ఏడాది బ్రిటిష్ ప్రభుత్వం వివాహిత స్త్రీల ఆస్తి చట్టం చేసింది. పెళ్ళయిన స్త్రీ సంపాదించిన డబ్బు ఆమె సొంతమని ఆ చట్టం చెప్పింది. కానీ హిందూ, ముస్లిం, బౌద్ధ, సిక్కు, జైన స్త్రీలకు అది వర్తించదని రెండో సెక్షన్‌లోనే మినహాయించింది. అంటే ధవళేశ్వరం బడిలో పలక పట్టిన హిందూ పిల్లకు ఆ చట్టంతో పని లేదు. బడి ఒక దారిన, ఆస్తి ఇంకో దారిన నడిచాయి. ఆ రెండు దారులూ కలవకుండా చూసుకోవడమే మన స్త్రీవిద్యలోని డబ్బు పాఠం మొత్తమని నాకు అనిపిస్తుంది.

‘సతీహితబోధిని’ (1883), ‘తెలుగు జనానా’ (1893), ‘హిందూ సుందరి’ (1902), ‘గృహలక్ష్మి’ (1928) పేర్లు చూస్తేనే ఆ పాఠం ఎలాంటిదో సగం తెలిసిపోతుంది. ఇల్లు దిద్దుకోవడం, దుబారా మానుకోవడం, పద్దు రాసుకోవడం మంచి ఇల్లాలి లక్షణాలు. భర్త తెచ్చిన దానిని ఆమె జాగ్రత్త చేయాలి. దాచడం ఆమె గుణం, సంపాదించడం ఆయన పని. దీన్ని ఇవాళ మనం తేలిగ్గా విమర్శించవచ్చు. కానీ కలం పట్టడమే తప్పనిపించుకున్న కాలంలో బియ్యానికెంత, పప్పుకెంత అని సొంత చేత్తో రాసుకోగలిగిన స్త్రీకి ఆ కాగితం చిన్న విషయం కాదు. పద్దు రాయగలిగితే అడగనూ గలదు.

భండారు అచ్చమాంబ 1902లో రాసిన ‘ధనత్రయోదశి’ కథ సంగతి చూడండి. పేదరికంలో ఉన్న భర్త తనది కాని డబ్బు ఇంటికి తెస్తే, భార్య అది ముట్టకుండా తిరిగి ఇచ్చి రమ్మంటుంది. కథలో డబ్బు గురించి ఆఖరి మాట ఆమెదే. కానీ ఆ అధికారం ధర్మానికి సంబంధించినది, ఆస్తికి సంబంధించినది కాదు. డబ్బు విషయంలో స్త్రీ ఇంటి అంతరాత్మగా ఉండవచ్చు, యజమానిగా మాత్రం కాదన్నది ఆనాటి సర్దుబాటు. అచ్చమాంబ జీవితం ఆ సర్దుబాటును దాటింది. ఆమె ఊళ్ళు తిరిగి స్త్రీ సమాజాలు పెట్టించింది. సమాజం అంటే చందాలు, రసీదులు, కోశాధికారి, లెక్కల పుస్తకం. ఇంట్లో పావలాకి జవాబు చెప్పుకోవలసిన స్త్రీలు నలుగురి డబ్బుకి జవాబుదారీ వహించడం అక్కడ నేర్చుకున్నారు. మన స్త్రీలకు మొదటి ఆర్థిక పాఠశాల బడి కాదు, స్త్రీ సమాజమే అని నేననుకుంటున్నాను. దీని గురించి ఎవరైనా విడిగా పరిశోధన చేస్తే బాగుంటుంది.

బడిలో మాత్రం పాఠం గృహవిజ్ఞాన శాస్త్రంగా స్థిరపడింది. అఖిల భారత మహిళా సభ పూనికతో 1932లో ఢిల్లీలో లేడీ ఇర్విన్ కాలేజీ వచ్చింది. స్వాతంత్ర్యం తర్వాత 1952–53 నాటి మొదలియార్ కమిషన్ ఆడపిల్లలకు గృహవిజ్ఞానం చదువుకునే వీలు ప్రత్యేకంగా కల్పించాలంది. ఆ పాఠ్యపుస్తకాల్లో ‘కుటుంబ బడ్జెట్’ అని ఒక అధ్యాయం ఉంటుంది. ఆదాయం పెరిగేకొద్దీ అందులో తిండికయ్యే వాటా తగ్గుతుందన్న ఎంగెల్ సూత్రం కూడా అక్కడే వస్తుంది. నిజానికి అది గట్టి అర్థశాస్త్రమే. కానీ ఆ అధ్యాయంలో ‘ఆదాయం’ ఒక గడిలో రాసి ఉండే అంకె. అది ఎవరి పేరున వస్తుంది, ఖర్చు ఎవరు నిర్ణయిస్తారు, ఇంటిచాకిరీ ఏ గడిలో రాయాలి అన్న ప్రశ్నలుండవు. అదే సమయంలో పక్క గదిలో మగపిల్లలు లాభనష్టాలు, వాటాలు, భాగస్వామ్యం లెక్కలు ‘ఒక వర్తకుడు’ పేరుతో చేస్తుంటారు. ఆ వర్తకుడి పేరు ఎప్పుడూ రంగయ్యే.

దీన్ని ప్రశ్నించిన స్త్రీలూ ఉన్నారు, అదీ ప్రభుత్వ సంఘాల లోపలే. దుర్గాబాయి దేశ్‌ముఖ్ అధ్యక్షతన స్త్రీవిద్యపై జాతీయ సంఘం 1958–59లో పనిచేసింది. ఆ తర్వాత హంసా మెహతా సంఘం ప్రత్యేకంగా ఈ ప్రశ్ననే తీసుకుంది. ప్రజాస్వామ్య సమాజంలో ఆడ, మగ అన్న ఆధారంతో పాఠ్యప్రణాళిక వేరుగా ఉండకూడదని 1960ల మొదట్లోనే తేల్చి చెప్పింది. కొఠారీ కమిషన్ (1964–66) దానితో ఏకీభవించింది. పుస్తకాలు కలిశాయి. ఇద్దరికీ ఒకే బారువడ్డీ, ఒకే చక్రవడ్డీ. కానీ ఆ లెక్క ఎవరి బతుకులో ఎక్కడ అతుకుతుందన్నది మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఇక్కడ సంచయిక గురించి చెప్పుకోవాలి. యాభై దాటినవాళ్ళలో కొందరికైనా బడిలో సంచయిక పుస్తకం గుర్తుండే ఉంటుంది. పిల్లలే గుమాస్తాలు, పిల్లలే ఖాతాదారులు, పైన ఒక టీచరు. సెప్టెంబరు 15న సంచయిక దినం. పిల్లలు పైసా పైసా వేసి, సెలవులకు ముందో చదువు అయ్యాకో తీసుకునేవారు. బడిలో పొదుపు బ్యాంకు అనే ఆలోచన యూరప్‌లో పుట్టింది. 1860లలో బెల్జియంలోని ఘెంట్ నగరంలో ఫ్రాంస్వా లోరాఁ అనే న్యాయశాస్త్ర ఆచార్యుడు దాన్ని వ్యాప్తి చేశాడు. 1885లో థీరీ అనే ఆయన దాన్ని న్యూయార్క్ దగ్గరి లాంగ్ ఐలండ్ సిటీ బడుల్లోకి తెచ్చాడు. అమెరికా అంతటా ఊరూరా తిరిగి ప్రచారం చేసింది మాత్రం ఒక కవయిత్రి, పెన్సిల్వేనియాకు చెందిన సారా లూయిసా ఓబర్‌హోల్ట్జర్. ఆమె ఆ పని చేసింది మద్యనిషేధం కోసం పోరాడిన స్త్రీల సంఘం తరఫున. తాగుడుకి పోయే పైసా పిల్లల చేతిలో ఆగితే రేపటి తాగుబోతు తగ్గుతాడని వాళ్ళ ఆశ. స్త్రీల కోపం సారా దుకాణం దగ్గర మొదలై పొదుపు పుస్తకం దగ్గర చల్లబడింది.

వందేళ్ళ తర్వాత నెల్లూరు జిల్లాలో జరిగింది తెలిసిన మనకు ఇది కొత్తగా అనిపించదు. ఓబర్‌హోల్ట్జర్ పేరు నెల్లూరులో ఎవరికీ తెలియనక్కర్లేదు. తాగుడు ఇంట్లోకి వస్తే ముందు ఖాళీ అయ్యేది ఎవరి గిన్నెలో అక్కడా ఇక్కడా ఒకటే.

1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమం రాత్రి బడులు తెచ్చింది. వాచకంలో సీతమ్మ కథ వచ్చింది. తాగుడు గురించి, ఆడవాళ్ళు ఒక్కటైతే ఏం చేయగలరన్న దాని గురించి పాఠాలు చదివిన స్త్రీలు పాఠం చెప్పినట్టే చేశారు. దూబగుంటలో రోశమ్మ, ఆమెతోటి స్త్రీలు సారా దుకాణం మూయించారు. 1992 ముగిసేసరికి అది రాష్ట్రమంతా పాకింది. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో దాన్ని సడలించారు.

ఆ రాత్రి బడుల్లో జరిగింది ఆర్థిక విద్యేనని నా వాదన. మగవాడి రోజు కూలిలో సారా ప్యాకెట్టుకు ఎంత పోతోంది, నెలకెంత, ఏడాదికెంత అని లెక్క కట్టారు. అంతవరకు ఏ గృహవిజ్ఞాన పుస్తకమైనా చెప్పగలదు. వాళ్ళు అక్కడ ఆగలేదు. ఈ ప్యాకెట్టు ఎవరు పంపుతున్నారు? వేలంపాటలో ఎవరు పాడారు? ప్రభుత్వానికి ఇందులోంచి ఎంత వస్తోంది? కుటుంబ బడ్జెట్ నుంచి రాష్ట్ర బడ్జెట్ దాకా నడిచిన ఆ పాఠం పోటీ పరీక్షల కోసం అర్థశాస్త్రం చదివినవాళ్ళకు కూడా దొరకదు. వేలంపాటల్ని అడ్డుకున్న స్త్రీలు ప్రభుత్వ ఆదాయపు పద్దునే అడ్డుకున్నారు. అప్పటికి వాళ్ళలో చాలామందికి తమ పేరు రాయడం వచ్చి కొద్ది నెలలే అయింది.

ఆ తర్వాత వచ్చింది ‘పొదుపు లక్ష్మి’. సారాకి పోకుండా ఆగిన డబ్బులోంచి రోజుకి ఒక రూపాయి. స్త్రీలు వేల సంఖ్యలో చేరారు. ఆ రూపాయి వాళ్ళకి ధైర్యం ఇచ్చింది, అందులో అనుమానం లేదు. కానీ పేరు చూడండి. దుకాణం మూయించిన మనిషి మళ్ళీ లక్ష్మి అయింది. వేలంపాట దగ్గర ప్రశ్న అడిగిన స్త్రీని పాస్‌పుస్తకం దగ్గర కూర్చోబెట్టారు. ద్వాక్రా, వెలుగు, ఇందిరా క్రాంతి పథం అంటూ పథకాల పేర్లు మారుతూ వచ్చాయి. ప్రభుత్వాలకు, బ్యాంకులకు అప్పు సకాలంలో తీర్చే మనిషిగా స్త్రీ కనిపించింది. ఆమె వెనకే ప్రైవేటు సూక్ష్మరుణ సంస్థలు వచ్చాయి. 2006లో కృష్ణా జిల్లాలో మొదటి సంక్షోభం. 2010లో అప్పుల వేధింపులతో ఆత్మహత్యల వార్తలు వరసగా వచ్చాక, ఆ ఏడాది అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. ఒకరు కట్టకపోతే గుంపంతా కట్టాలన్న నిబంధన స్నేహితురాళ్ళని ఒకరి గుమ్మంలో ఒకరిని కాపలా కూర్చోబెట్టింది. ‘ఆడవాళ్ళు ఒక్కటైతే’ అన్న పాఠాన్ని అప్పు వసూలుకి అంత చక్కగా వాడుకోవచ్చని వాచకం రాసినవాళ్ళు కలలో కూడా అనుకుని ఉండరు.

ఆ స్త్రీలకు పొదుపు బాగా వచ్చు. అప్పు లెక్క మాత్రం ఎవరూ చెప్పలేదు. ఒక ఉదాహరణ: పదివేలు అప్పు, వారానికి 230 చొప్పున 50 వారాలు. మొత్తం కట్టేది 11,500. వడ్డీ 15 శాతమే కదా అంటారు. కానీ మొదటి వారం నుంచే అసలు తిరిగి వెళ్ళిపోతూ ఉంటుంది కాబట్టి, ఏడాది పొడుగునా సగటున చేతిలో ఉండే అప్పు అయిదువేల పైచిలుకే. దాని మీద 1,500 అంటే వడ్డీ దాదాపు 30 శాతం. తొమ్మిదో తరగతి పిల్లకి ఇది అర్థమవుతుంది. పుస్తకంలో ‘ఒక వ్యక్తి ఒక బ్యాంకులో’ తప్ప ఈ వారం కిస్తీ కనబడదు.

కిందటేడు ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తొమ్మిదో తరగతి ఆడపిల్లలతో ఒక పూట మాట్లాడాను. నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే సంవత్సరానికి ఎంత శాతం అని అడిగితే, గది వెనక నుంచి మూడు నాలుగు గొంతులు ఒకేసారి ‘ముప్పై ఆరు’ అన్నాయి. నోట్సులు ఎవరూ తెరవలేదు. చీటీ పాటలో ముందు పాడితే ఎంత నష్టమో, ఆఖరున పాడితే ఎంత లాభమో కూడా చెప్పారు. ఇవన్నీ అమ్మ పక్కన కూర్చుని నేర్చుకున్నవి. లెక్కల టీచరు నా వంక చూసి, “వీళ్ళే మేడమ్, యూనిట్ టెస్టులో వడ్డీ లెక్క వదిలేసేది” అన్నారు. తర్వాత, మీ ఇంట్లో ఆడవాళ్ళ పేరున పొలంగానీ ఇల్లుగానీ ఉందా అని అడిగాను. ఈసారి ఎవరూ తొందరపడలేదు. ఒకమ్మాయి నాయనమ్మకి పసుపు కుంకుమ కింద అరెకరం ఇచ్చారంది. ఇంకో అమ్మాయి, “మా మేనత్తకి ఉండేది మేడమ్, రిజిస్ట్రాఫీసులో సంతకం పెట్టేసి వచ్చింది. అందరం బిర్యానీ తిన్నాం” అంది. పిల్లలు నవ్వారు.

ఆ సంతకం పేరు హక్కు విడుదల. దాని చరిత్ర పిల్లలకు ఏ తరగతిలోనూ రాదు. 1956లో హిందూ వారసత్వ చట్టం కూతురికి తండ్రి స్వార్జితంలో సమాన వాటా ఇచ్చింది. ఉమ్మడి ఆస్తిలో మాత్రం పుట్టుకతో వచ్చే హక్కు కొడుకులకే ఉంచింది. ఆ హక్కు కూతుళ్ళకూ ఇవ్వడంలో ముందడుగు వేసింది ఆంధ్రప్రదేశే. అయితే ఆ సవరణ 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్ళికాని కూతుళ్ళకే వర్తించింది. ఆ ఏడాది పదో తరగతిలో ఒకే బెంచీ మీద కూర్చున్న ఇద్దరు పిల్లల్ని ఊహించండి. వేసవి సెలవుల్లో ఒకమ్మాయికి పెళ్ళి చేశారు, ఇంకో అమ్మాయికి చేయలేదు. ఒకరికి పొలంలో జన్మహక్కు వచ్చింది, ఇంకొకరికి లేదు. ఇంతకంటే పెద్ద ఆర్థిక పాఠం ఆ సంవత్సరం తెలుగునాట ఏముంది? 2005లో కేంద్ర సవరణ పెళ్ళయిన కూతుళ్ళనీ చేర్చింది. తండ్రి 2005 నాటికి బతికి ఉండాలా వద్దా అన్న చిక్కు 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు వినీతా శర్మ కేసులో ‘అక్కర్లేదు’ అని తీర్చేదాకా సాగింది.

ఇక సంతకం గురించి. నవలా రచయిత్రి గీతా హరిహరన్ 1984లో తన చిన్న కొడుకు పేరున రిజర్వు బ్యాంకు బాండ్లు కొనబోయారు. తల్లి సంతకం చాలదు, తండ్రి సంతకం కావాలన్నారు. హిందూ మైనారిటీ, సంరక్షణ చట్టం ప్రకారం సహజ సంరక్షకుడు తండ్రి, ‘అతని తర్వాత’ తల్లి. ఆమె కోర్టుకెళ్ళారు. 1999 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ‘తర్వాత’ అంటే ‘చనిపోయాక’ అని మాత్రమే కాదు, ‘అతను పట్టించుకోనప్పుడు’ అని కూడా చదువుకోవచ్చంది. తల్లికి మేలే జరిగింది. కానీ సెక్షన్‌లో ఆ వరస ఇప్పటికీ అలాగే ఉంది. ఒక చిన్న మాట మీద పదిహేనేళ్ళు కొట్లాడి సాధించినది భాషాపరమైన వెసులుబాటు. సాహిత్యం చదువుకున్నవాళ్ళకి ఈ తీర్పు పాఠంగా పెట్టాలి. ఇదే రిజర్వు బ్యాంకు తర్వాత పిల్లల కోసం బొమ్మల కథలు వేసింది. ఈ కథ మాత్రం వేయలేదు.

బడి చెప్పని పాఠానికి ఆడవాళ్ళు కనిపెట్టుకున్న జవాబు పోపుల డబ్బా. బ్యాంకుకీ మొగుడికీ తెలియని డబ్బు. 2016 నవంబరు 8 రాత్రి పెద్ద నోట్ల రద్దుతో ఆ డబ్బాలు తెరుచుకున్నాయి. మార్పించుకోవాలంటే ఎవరికో ఒకరికి చెప్పాలి. చెబితే అది ఇంటి డబ్బు అయిపోతుంది. నల్లధనం మీద నెలల తరబడి చర్చలు నడిచాయి. ఈ రహస్య ధనం గురించి ఎక్కువగా నడిచింది జోకులే. దాచుకున్న డబ్బు అంటే ఒక తాగుబోతు నుంచి, ఒక దెబ్బ నుంచి, ఒక రాత్రి ఇల్లు వదిలి వెళ్ళగలిగే బస్సు ఛార్జీ అని ఆర్థిక అక్షరాస్యత చెప్పదు. ‘అనధికారిక పొదుపు’ అంటుంది, బ్యాంకులో వేయమంటుంది.

సరే, బ్యాంకులో వేద్దాం. 2015 జనవరిలో ఆడపిల్లల కోసం సుకన్య సమృద్ధి ఖాతా వచ్చింది. వడ్డీ బాగుంది, పన్ను మినహాయింపు ఉంది. చాలామంది తల్లులు కూలిలో మిగిల్చి కడుతున్నారు. మొదటి నియమాల ప్రకారం పదేళ్ళు నిండాక ఆ పిల్ల తన ఖాతా తానే నడుపుకోవచ్చు. 2019 డిసెంబరులో వచ్చిన కొత్త నియమాలు ఆ వయసును పద్దెనిమిదికి పెంచాయి. 2014 నుంచి పదేళ్ళు దాటిన పిల్లలు మామూలు పొదుపు ఖాతా సొంతంగా నడుపుకోవడానికి రిజర్వు బ్యాంకు అనుమతి ఉంది. అంటే ఎనిమిదో తరగతి ఆడపిల్ల తన పేరున ఉన్న మామూలు ఖాతా నడపగలదు, ఆడపిల్ల కోసమే పెట్టిన ఖాతా నడపలేదు. ఇరవై ఒక్క ఏళ్ళ గడువుకు ముందే ఆ ఖాతా మూసెయ్యడానికి నియమాలు ఒప్పుకునే కారణాల్లో ఒకటి పెళ్ళి.

ఆ తొమ్మిదో తరగతి పిల్లల్లో ఏడుగురికి ఈ ఖాతా ఉంది. ఎంత ఉందో ఇద్దరికి తెలుసు. ఈ ఏడు మళ్ళీ ఆ బడికి వెళ్ళినప్పుడు సుకన్య నియమాలు తెలుగులో రాసి తీసుకెళ్ళాలనుకుంటున్నాను. దస్తావేజు లేఖరి దగ్గర హక్కు విడుదల పత్రం నమూనా కూడా ఒకటి అడిగాను. “పిల్లలకెందుకమ్మా అది, పెళ్ళయ్యాక కదా దాంతో పని” అన్నాడాయన. అయినా ఇచ్చాడు.